మేరు పదవికి నిలబడ్డ మా చిన్నాయన

మా చిన్నాయన మునిసిపాలిటీ చైర్మన్ పదవికి నిలబడతానని చెప్పిన పొద్దున పిన్ని వంటింట్లో దోసెలు పోస్తా ఉంది. నేను గడపలో కూర్చొని చట్నీకి కొబ్బరి కోరుతున్నాను. ఆయన స్నానం చేసొచ్చి, తువ్వాలు భుజాన వేసుకొని, మధ్యాన్నం భోజనానికి రానని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"నామినేషన్ వేస్తా ఉండా. ఇండిపెండెంటుగా."

పిన్ని దోసె తిరగేసింది. "ఏందానికి?"

"చైర్మన్‌కి."

"ఫ్యాక్టరీలో నాలుగు మిషన్లుంటే మూడు ఆపేసి ఉండావు. ఇంక ఊరు నడపతావా?"

"అందుకే గదా. మిషన్లు ఆగిపోయినాయి, నాకు టైముంది."

ఇది వేళాకోళం కాదు. చిన్నాయనకు వేళాకోళం చేతకాదు. నిజంగానే అలా లెక్క వేసుకున్నాడు.

చిన్నాయనంటే మా నాయన తమ్ముడు. మా తెలుగు కుటుంబాలు పాండిచ్చేరికి ఎన్ని తరాల కిందట వచ్చాయో మాలో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చాలామందికి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. నాకు అక్షరాలు వచ్చాయంటే అది పిన్ని పుణ్యం. ఆమె నెల్లూరు పక్క పల్లె నుంచి ముదలియార్‌పేటకు కోడలై వచ్చింది. వేసవి సెలవుల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకొని పలక మీద దిద్దించింది.

చిన్నాయన తన వాటా పొలం అమ్మేసి మేట్టుపాళయం ఎస్టేట్‌లో ప్లాస్టిక్ బకెట్ల యూనిట్ పెట్టాడు. నీలం, ఎరుపు, ఆకుపచ్చ, మూడు రంగుల్లో బకెట్లు, వాటికి జోడు మగ్గులు. పదిహేనేళ్లు బాగా నడిచింది. ఊళ్లో ఏ స్నానాల గదిలోకి తొంగి చూసినా ఆయన బకెట్ కనబడేది. వీధిలో అందరూ ఆయన్ని 'బకెట్‌కారర్' అనేవాళ్లు. అంటే బకెట్లాయన అని.

నేను చెబుతున్నది రెండువేల దశకం నడుమ మాట. ఊరి పేరు ఇంకా పుదుచ్చేరిగా మారలేదు. మేట్టుపాళయంలో గేట్లకు తాళాలు పడుతున్నాయి. పన్ను రాయితీలున్నన్నాళ్లు ఇక్కడున్న కంపెనీలు, అవి తీరిపోయాక వేరే రాష్ట్రాలకు మూటాముల్లె సర్దుకున్నాయి. నేను పనిచేసే మందుల ప్యాకింగ్ కంపెనీ కూడా అలాగే పోయింది. కంప్యూటర్ మీద బిల్లులు కొట్టే ఉద్యోగం నాది. ఒక శుక్రవారం వెళ్లేసరికి కంప్యూటర్ని అట్టపెట్టెలో పెడుతున్నారు. జనం చేతిలో డబ్బు ఆడక బకెట్ పగిలినా తీగతో కుట్టుకొని వాడుకుంటున్నారు. చిన్నాయన గోడౌన్‌లో బకెట్లు ఒకదాంట్లో ఒకటి దూర్చి పైకప్పు దాకా పేరుకుపోయాయి.

సరిగ్గా అప్పుడు మునిసిపాలిటీ ఎన్నికలు వచ్చాయి. మా ఊళ్లో ముప్పై ఏళ్లకు పైగా ఆ ఎన్నికలే జరగలేదు. నా ఈడువాళ్లం ఎప్పుడూ చూడలేదు. ముసలివాళ్లకు మాత్రం ఫ్రెంచివాళ్ల కాలం గుర్తు. వాళ్ల నోటికి చైర్మన్ అనే మాట రాదు, పాత ఫ్రెంచి మాటే పట్టుకొని 'మేరు' అంటారు. "మీ చిన్నాయన మేరు పదవికి నిలబడతన్నాడంట గదా" అని నన్ను ఆపి అడిగేవాళ్లు.

"పాపా, నువ్వూ ఖాళీగా ఉండావు, నేనూ ఖాళీగా ఉండా," అన్నాడు చిన్నాయన దోసె తింటూ. "ఒక పెద్ద నోట్‌బుక్ కొను. ఇంటింటికీ పోతాము. ఎవరికి ఏం కావాల్నో నువ్వు రాస్తా రా. కస్టమర్‌కు ఏం కావాల్నో తెలీకుండా సరుకు ఎట్లా తయారుజేసేది?"

నేను ఒప్పుకున్నాను. అప్పటికి ఇంట్లో నాలుగు నెలలుగా ఊరికే కూర్చున్నాను. ఎక్కడికో పోవడానికి ఒక కారణం దొరికితే చాలనిపించింది.

చిన్నాయన ధీమా అంతా ఒక్కదాని మీద. ఇండిపెండెంట్లకు ఇచ్చే గుర్తుల జాబితాలో బకెట్ ఉంది. "పోస్టర్ ఎందుకు, బ్యానర్ ఎందుకు? పొద్దున లేస్తే ప్రతి ఇంట్లోనూ నా గుర్తు మొహమే గదా చూసేది," అన్నాడు. పిన్నికి కూడా ఆ మాట కొంచెం నచ్చింది. పైకి అనలేదు గాని, ఆ రోజు ఆయనకు రెండోసారి కాఫీ అడక్కుండానే ఇచ్చింది.

గుర్తులు ఇచ్చే రోజు నేనూ వెంట వెళ్లాను. ఆఫీసు వరండాలో బెంచీల మీద అభ్యర్థులు. మా పక్కన సన్నగా, పొడుగ్గా, తెల్ల చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన కూర్చున్నాడు. టౌన్ బస్సులో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడట. తమిళాయన. చిన్నాయన, ఆయన చాలాసేపు కబుర్లు చెప్పుకున్నారు. మోకాళ్ల నొప్పులు, బస్సు టైములు, కొడుకుల చదువులు. లోపలికి పిలిచాక తెలిసింది, ఇద్దరూ బకెట్ గుర్తే అడిగారని.

ఆఫీసరు చీటీలు వేశాడు. బకెట్ కండక్టర్‌కు పోయింది.

చిన్నాయన రాసిన రెండో గుర్తు కూడా వేరే ఎవరికో పోయింది. ఆఖరికి ఆయనకు దక్కింది కత్తెర.

బయటికొచ్చాక మోపెడ్ దగ్గర కాసేపు ఊరికే నిలబడ్డాడు. ఆనక తేరుకున్నాడు.

"సరుకు అదే పాపా. లేబుల్ మారింది, అంతే. జనానికి తెలియజెప్పాల."

ఇంటికొచ్చి చెబితే పిన్ని నవ్వు ఆపుకోలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వంటింట్లోకి పోయింది. అక్కడి నుంచి కూడా నవ్వు వినపడుతూనే ఉంది.

మరుసటి రోజు నుంచి ప్రచారం. చిన్నాయన మోపెడ్ నడుపుతాడు, వెనక నేను నోట్‌బుక్ పట్టుకొని. ఎండ తగ్గాక పిన్ని కూడా ఆటోలో వచ్చి కలిసేది. జెండాలు లేవు, మైకు లేదు. ఇంటి ముందు చెప్పులు విడిచి, నమస్కారం పెట్టి, "మీకు మునిసిపాలిటీతో ఏమేం ఇబ్బందులున్నాయో చెప్పండి" అని అడిగేవాడు. చెప్పింది నేను రాసుకునేదాన్ని. వీధి లైటు, మురుగు కాలువ, చెత్త బండి. చెయ్యగలిగింది అయితే ఎన్నాళ్లలో చేస్తాడో చెప్పేవాడు, ఆర్డర్ తీసుకున్నట్టు. చెయ్యలేంది అయితే, "అది నా చేతిలో లేదమ్మా, అబద్ధం చెప్పను" అనేవాడు. ఇంటి పట్టా అడిగినాయనకు అలాగే చెప్పాడు. ఆయన మొహం ముడుచుకొని తలుపేసుకున్నాడు.

"కాస్త ఊరించి చెప్పొచ్చు గదయ్యా," అంది పిన్ని.

"సప్లై చెయ్యలేని ఆర్డర్ తీసుకుంటే పేరు పోతాది."

తెలుగువాళ్లు ఎక్కువున్న వీధికని పిన్ని ప్రత్యేకంగా ఒక కరపత్రం తెలుగులో రాసి అచ్చు వేయించింది. ఎంతో ముచ్చటపడి రాసింది. ఆ వీధిలో పంచడం మొదలుపెట్టాక, ఒకాయన దాన్ని తలకిందులుగా పట్టుకొని భక్తిగా చూస్తున్నాడు. పక్కింటామె, "ఏందిది, జిలేబీలు చుట్టినట్టుందే" అంది. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ సంగతి మాకు ముందే తట్టి ఉండాల్సింది. ఆ తర్వాత ప్రతి గుమ్మం ముందు నేనే నిలబడి కరపత్రం పైకి చదివాను. రెండు మూడిళ్లు అయ్యేసరికి నా వెనక జనం పోగయ్యారు. మన బాసను ఎవరో కాగితం మీంచి చదువుతుంటే వినడం వాళ్లకు వింతగా ఉంది. ఒకామె నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, "ఇంకొకసారి చదవమ్మా, మా అత్త వినలేదు" అంది. ఆ సాయంత్రం నాకు గొంతు పోయింది గాని, ఉద్యోగం పోయాక అంత సంతోషంగా ఉన్న రోజు అదే.

తిప్పలన్నీ గుర్తుతోనే. చిన్నాయన ఎన్ని ఇళ్లకు పోతే అంతమందికి బకెట్లాయన నిలబడ్డాడని గుర్తొచ్చేది. ఒక ముసలమ్మ ఆయన రెండు చేతులూ పట్టుకొని, "నీ బకెట్ పన్నెండేళ్లయింది నాయనా, ఇంకా చెక్కు చెదరలేదు. నా ఓటు బకెట్‌కే" అంది.

"అమ్మా, బకెట్ వద్దు. నాది కత్తెర గుర్తు."

"కత్తెరా? నువ్వు బకెట్లు గదా చేసేది?"

"అవునమ్మా. బకెట్లు చేసేది నేనే. ఓటు మాత్రం కత్తెరకు వెయ్యాల."

"ఎందుకు నాయనా అట్లా తిప్పి చెప్తావు? నేను బకెట్‌కే వేస్తాలే," అని భుజం తట్టి పంపింది.

ఇలాంటివి రోజుకు పదైనా జరిగేవి. పిన్ని ఒకరోజు బట్టల కత్తెర చేత పట్టుకొని బయల్దేరింది, చూపించడానికి. ఒక ఇంటామె టైలరమ్మ వచ్చిందనుకొని రెండు రవికలు తెచ్చి చేతిలో పెట్టింది.

ఆ కండక్టర్ మాత్రం ప్రచారానికే రాలేదు. ఆ సీజన్‌లో ఊరంతా కీళ్ల జ్వరం. దోమల వల్ల వచ్చే జ్వరం, తగ్గాక కూడా నెలల తరబడి కీళ్లు పట్టేసి మనిషి వంగి నడిచేవాడు. ఆయనకూ వచ్చిందని తెలిసి చిన్నాయన ఆపిల్ పళ్లు తీసుకొని చూడబోయాడు. నేనూ వెళ్లాను. ఆయన మంచం మీద నుంచి లేవబోయి లేవలేక పడుకునే నమస్కారం పెట్టాడు.

"మీరెందుకు సార్ బకెట్ అడిగారు?" అని ఉండబట్టలేక నేనే అడిగాను.

"మా ఆవిడ చెప్పిందమ్మా, గోడ మీద గీయడానికి సులువని," అన్నాడు తమిళంలో. "ఒక్క గోడ కూడా గీయలేదు."

ఆ జ్వరం మాటే నా నోట్‌బుక్ నిండా. మునిసిపాలిటీ కుళాయిలో నీళ్లు పొద్దున కాసేపే వచ్చేవి. అందుకని ప్రతి ఇంట్లోనూ నీలం డ్రమ్ముల్లో నీళ్లు పట్టి ఉంచుకుంటారు. వాటికి మూతలుండవు. ఏదో ఫ్యాక్టరీ నుంచి సెకండ్‌హ్యాండ్‌లో కొన్న డ్రమ్ములు, పైభాగం కోసేసినవి. అందులో దోమలు గుడ్లు పెడతాయని మునిసిపాలిటీ మనుషులు వచ్చి నీళ్లు పారబోసి పోతున్నారు.

"పారబోస్తే మేము తాగేదేంది?" అని ఒకామె చిన్నాయన మీదే గొంతు లేపింది. "మేరు అయితే నాకు కాలువా వద్దు, లైటూ వద్దు. దీనికొక మూత చేపించు."

ఆ రోజు ఇంటికొచ్చి పిన్నికి నోట్‌బుక్ చదివి వినిపించాను. ఒకటే పేజీలో 'మూత' అనే మాట ఏడుసార్లు ఉంది. పిన్ని లేచి వంటింట్లోకి పోయింది. అటక మీద ఒక మూట ఉండేది. చిన్నాయన ఎప్పుడో పెళ్లిళ్లకని చేయించిన ప్లాస్టిక్ తాంబాళాలు, అంచున పూల డిజైన్ వేసినవి. ప్లాస్టిక్‌లో తాంబూలం ఎవరిస్తారని ఒక్కటీ అమ్ముడుపోలేదు. పిన్ని అందులో ఒకటి తీసి, పెరట్లోకి తెచ్చి మా డ్రమ్ము మీద బోర్లించింది. వేలెడు తేడాతో పట్టింది.

"ఇటు రావయ్యా," అని చిన్నాయన్ని పిలిచింది.

ఆయన వచ్చి చూశాడు. ఎత్తి మళ్లీ పెట్టాడు. అంచు చుట్టూ వేలు తిప్పాడు. తాంబాళం అచ్చు ఇంకా ఫ్యాక్టరీలోనే ఉంది. అంచు కొంచెం లోపలికి వంచితే సరిపోతుంది.

"రేపే నాలుగు కొట్టించి ఇళ్లకు ఇద్దామా?" అన్నాను.

"ఇప్పుడిస్తే లంచం కిందికి వస్తాది. ఎలెక్షన్ కానీ."

ఆయన ఎదురుచూడగలిగిన మనిషి. మిగతా పది రోజులూ మూత గురించి ఎవరి దగ్గరా నోరెత్తలేదు, కత్తెర అని చెబుతూ తిరిగాడు.

పోలింగ్ రోజున నాకు ఓటు లేదు. నా పేరు మా నాయన ఇల్లున్న కదిర్కామం జాబితాలో ఉంది, అది వేరే మునిసిపాలిటీ కిందికి వస్తుంది. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు కూడా సగానికి పైగా అటువాళ్లే. చిన్నాయన కోసం చెప్పులరగ తిరిగినదాన్ని నేను, ఆయనకు ఓటు వేయలేకపోయాను. ఆ సంగతి ఆయనకు మొదటి రోజు నుంచీ తెలుసు. "నీకు ఓటుందా లేదా అని చూసి పిలిస్తే అది పనెట్లా అవతాది?" అన్నాడు.

లెక్కింపు రోజు ఇంట్లో రేడియో పెట్టుకొని కూర్చోలేదు. ఆయన సెంటర్‌కే వెళ్లి నిలబడ్డాడు. గెలిచింది ఒక పెద్ద పార్టీ అభ్యర్థి. అది ఎవరికీ ఆశ్చర్యం కాదు. ఆశ్చర్యమల్లా మూడో స్థానం. మంచం దిగని కండక్టర్, ఒక్క గోడ కూడా గీయని కండక్టర్, ముదలియార్‌పేటలో పార్టీల వాళ్లకు కూడా చెమటలు పట్టించాడు. మేము నోట్‌బుక్ పట్టుకొని తిరిగిన వీధులన్నీ బకెట్‌కే గుద్దాయి. కత్తెర ఎక్కడో చివర ఉంది. డిపాజిట్ పోయింది.

చిన్నాయన ఇంటికి నడిచొచ్చాడు. మోపెడ్ అక్కడే మరిచిపోయాడు. వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. పిన్ని అన్నం పెడతానంటే వద్దన్నాడు. ఆయన అలా వద్దనడం నేను అంతవరకు చూడలేదు. ఆ రోజు ఆమె నవ్వలేదు. పక్కన పీట వేసుకొని కూర్చొని చిక్కుడుకాయలు ఒలిచింది. చాలాసేపటికి ఆయనే అన్నాడు, "వాళ్లు నాకే వేసినారు. కాదా?"

"నీకే వేసినారు," అంది పిన్ని. "చీటీ ఒక్కటే ఆ కండక్టర్ పేరున పోయింది."

ఆయన తలూపాడు. కాసేపయ్యాక తనూ ఒక గుప్పెడు చిక్కుడుకాయలు తీసుకున్నాడు.

రెండు రోజుల తర్వాత కండక్టర్ వచ్చాడు. చేతికర్ర, ఒక అట్టపెట్టె నిండా మైసూర్‌పాకు. గుమ్మంలోనే నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా, "ఇవి నాకు వచ్చిన ఓట్లు కాదు సార్. మీవి. నాకు సిగ్గుగా ఉంది. వీధిలో జనం నన్ను చూసి, మీ బకెట్ చాలా గట్టిది అంటున్నారు" అన్నాడు.

చిన్నాయన మొదటిసారి పగలబడి నవ్వాడు. ఆయన్ని చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. పిన్ని కాఫీ ఇచ్చింది. మాటల్లో మూత సంగతి వచ్చింది. చిన్నాయన పెరట్లోకి తీసుకెళ్లి చూపించాడు. కండక్టర్ తన వంకర వేళ్లతో దాన్ని ఎత్తి చూసి, "ఇది ఉండుంటే నేను మంచాన పడేవాణ్ని కాదు" అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. "ముప్పై ఏళ్లు ఈ ఊళ్లో బస్సులో టిక్కెట్లు కొట్టాను సార్. ఏ స్టాప్ దగ్గర ఏ పాత్రల కొట్టుందో కళ్లు మూసుకొని చెబుతాను. కొట్టువాళ్లందరూ నన్ను ఎరుగుదురు. నేను తీసుకుపోనా?"

వారం తిరక్కుండానే అచ్చు సరిచేసి మొదటి మూతలు కొట్టారు. గోడౌన్‌లో పేరుకున్న బకెట్లలో నుజ్జయినవాటిని కరిగించి, ఆ ప్లాస్టిక్‌తోనే. అందుకని మొదటి మూతలన్నీ ఏ రంగో చెప్పలేని మురికి ఊదారంగులో వచ్చాయి. ఎవరూ పట్టించుకోలేదు. కండక్టర్ టౌన్ బస్సులోనే కట్టలు కట్టలుగా వేసుకొని పోయేవాడు. పాత సహోద్యోగులు ఆయన్ని దింపాల్సిన చోట దింపి, మూతలు కిందికి అందించేవాళ్లు. నేను నోట్‌బుక్ తీసి, మూత అడిగిన ప్రతి ఇంటికీ వెళ్లి ఏ కొట్లో దొరుకుతుందో చెప్పాను. చిన్నాయన మీద గొంతు లేపిన ఆమె మూత చూసి, "నువ్వు గెలవలేదు గదా" అంది. "గెలవకపోయినా చెయ్యొచ్చని తెలిసిందమ్మా," అన్నాడు ఆయన.

రెండో నెలలో రెండో మిషన్ తిప్పారు. వానలు మొదలయ్యేసరికి నాలుగూ తిరిగాయి. మిషన్లు ఆపినప్పుడు పని మానిపించిన ఆడవాళ్లను ఒక్కొక్కరినీ పిలవడానికి చిన్నాయన ఫోన్ చెయ్యలేదు. మోపెడ్ మీద వాళ్ల ఇళ్లకు పోయి చెప్పాడు. నన్ను ఆఫీసులో కూర్చోబెట్టాడు. పిన్నికి కూడా ఒక కుర్చీ వేయించాడు, డిజైన్ చూసేది ఆమే అని.

మొదటి రోజు ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు పిన్ని చెప్పులు బయట విడిచి, గుడికొచ్చినట్టు మెల్లగా నడిచింది. గంట గడవకముందే మిషన్ దగ్గర నిలబడి, అంచు సరిగ్గా రాలేదని రెండు మూతలు పక్కన పారేసింది. ఆపరేటర్ చిన్నాయన వైపు చూశాడు.

"నా వైపు చూడొద్దు," అన్నాడు చిన్నాయన. "ఆమె చెప్పినట్టు చెయ్యి."